ఇంటి గీత ఎవరిది?

మన గూడేల్లో ఇల్లు కట్టే పెద్దలు కాగితం మీద గీత గీయరు. నేల చూస్తారు. వాన ఏ దిక్కు నుంచి కొడుతుందో చూస్తారు. వెదురు ఎప్పుడు నరికితే పురుగు పట్టదో చెబుతారు. కోయల తడిక గోడకు మట్టి మెత్తడం, చెంచుల గుండ్రటి గుడిసె, సవరల ఇంటి అటక, ఇవన్నీ తరాల తరబడి కట్టి, కూలితే మళ్లీ కట్టి నేర్చుకున్నవే. చేసి చూసి, తప్పు దిద్దుకోవడాన్నే చదువుకున్నవాళ్లు పరిశోధన అంటారు. మరి మన తాతలు చేసింది పరిశోధన కాదా?

లారీ బేకర్ 1917లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్. మన దేశానికి వచ్చి పితోర్‌గఢ్ కొండల్లో ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడివాళ్లు చుట్టూ దొరికే రాయి, మట్టి, కలపతో కట్టుకున్న ఇళ్లు చూసి, తన చదువు చాలదని ఒప్పుకున్నారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. తర్వాత కేరళలో ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టారు. ఇటుక తక్కువ పడుతుంది, లోపలికి వేడి తక్కువ వస్తుంది. 1990లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అది తగిన గౌరవమే. కానీ ఆయనకు నేర్పిన కొండవాళ్లకు ఏ బిరుదూ రాలేదు.

అలాగని పాత ఇళ్లనే పట్టుకుని ఉండమని మేము అనం. కప్పు మళ్లీ మళ్లీ నేయడం ఎంత కష్టమో, నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మనకే తెలుసు. పక్కా ఇల్లు మన హక్కు. 2023లో మొదలైన పీఎం జన్‌మన్‌లో చెంచు, కొండరెడ్డి, కోలాం వంటి తెగలకు పక్కా ఇళ్లు ఉన్నాయి. మేము అడిగేది ఒక్కటే. పొయ్యి ఎక్కడ, ధాన్యం ఎక్కడ, కోళ్లు ఎక్కడ, పెద్దల దేవుళ్లు ఎక్కడ అని గీత గీసే ముందు ఆ ఇంటి ఆడవాళ్లను ఎవరైనా అడిగారా? అడగని చోట స్లాబు ఇంటి పక్కనే మళ్లీ పాక లేస్తుంది. వంట అందులోనే, పడక అందులోనే.

రేపు మన పిల్లల్లో ఒకరు ఇంజనీరో ఆర్కిటెక్టో అవుతారు. ఆ బిడ్డ కూడా అడగకుండానే గీస్తే అప్పుడు ఎవరిని తప్పుపడతాం?

ఉపాధ్యాయులారా, పిల్లలను ఒకరోజు ఊళ్లో పాత ఇంటికి తీసుకెళ్లండి. కొలతలు రాయించండి. కాగితం పైభాగాన ఆ ఇల్లు కట్టిన మనిషి పేరు ముందు రాయించండి.