జంగల్ ఎవరి మాట?

సంస్కృతంలో 'జాంగలం' అంటే నీళ్లు తక్కువై, చెట్లు పలచగా ఉండే మెట్టనేల. ఆయుర్వేదంలో ఇప్పటికీ అదే అర్థం. ఆ మాటే హిందీ, ఉర్దూల్లో అడవైంది, ఇంగ్లిష్‌లోకెళ్లి కీకారణ్యమైంది. నిజాం రాజ్యంలో 'జంగ్లాత్' అంటే ఏకంగా సర్కారు శాఖ. మా కరీంనగర్ దిక్కు ముసలోళ్లు ఫారెస్టోళ్లని ఇంకా జంగ్లాతోళ్లనే అంటరు.

ఆదిలాబాద్ గోండులు పోడు కొట్టుకునే నేలని కాగితం మీద అడవి అని రాసిన రోజే వాళ్లు ఆక్రమణదారులయ్యారు. తప్పు గీత గీసినోడిది, మాటది కాదు అనొచ్చు. కానీ గీత గీయాలన్నా ముందు ఆ నేలకి ఓ పేరు కావాలి కదా. 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన కొమురం భీం పేరుతో మనం తలుచుకునే 'జల్, జంగల్, జమీన్'లో ఒక్కటీ గోండీ మాట కాదు. మూడూ సర్కారుకి అర్థమయ్యే హిందీ, ఉర్దూల్లోవే.