శమీంద్రుడు పోయిన మఱునాఁటి రాత్రి వెన్నెల

బిడ్డను గోల్పోయిన యింటికిఁ బోయి మనము మొదట పలుకుమాట "ఏడువకుఁడు" అనునదియే. మేమును పలుమారు పలికితిమి; ఇప్పుడు సిగ్గుపడుచున్నాము.

రవీంద్రనాథకవి జీవితమును జూడుఁడు. 1901 డిసెంబరులో నాయన శాంతినికేతనమునఁ బాఠశాలను నెలకొల్పెను. దానికై తన నగల నిచ్చిన భార్య మృణాళినీదేవి యేఁడాది తిరుగకమునుపే, 1902 నవంబరులో, కన్ను మూసెను. మఱుసటి యేఁట కూఁతురు రేణుక పోయెను. 1905లో తండ్రి దేవేంద్రనాథమహర్షి. 1907 నవంబరులో, పదునొకండేండ్లైన నిండని చిన్నకుమారుఁడు శమీంద్రుఁడు మొంగీరులో విషూచిచే మరణించెను.

నష్టమునకుఁ బరిహార మడుగుట మా వృత్తి. ఈ నష్టమునకుఁ బ్రతివాది యెవ్వఁడు?

శమీంద్రుఁడు పోయిన మఱునాఁటి రాత్రి రైలులో వచ్చుచుఁ గవి వెన్నెలను జూచెను. ఆకాశమున నెచ్చటను లోటు కానరాలేదఁట. ఈ సంగతిని 1932లో, కుమార్తె మీరాదేవి తన కొడుకును గోల్పోయినపుడు, ఆమెకు జాబులో వ్రాసెను. బిడ్డ పోయినను వెన్నెల తగ్గకుండుట మాకైనచోఁ గ్రూరముగాఁ దోఁచెడిది. ఆయనకో, ఏదియుఁ బోలేదనియు, సమస్తమును సమస్తమునందే నిలిచియున్నదనియు, అందుఁ దానును, తాను చేయవలసిన పనియు నున్నవనియుఁ దోఁచెను.

దీనిని వైరాగ్య మనకుఁడు. భార్య పోయినపు డామెపై "స్మరణ్" అను కావ్యమునే వ్రాసినవాఁడు మఱచువాఁడు కాఁడు. ఇరువదియైదేండ్ల వెనుకటి యా రాత్రిని గూఁతునకుఁ జెప్పఁగలుగుటయే యందుకు సాక్ష్యము. "ఏడువకు" మనుటకు మాఱుగా నాయన తన గాయమును జూపెను.

పాఠశాల మూఁతపడలేదు. శమీంద్రుని యీడు బాలురు చెట్లనీడలఁ జదువుచునే యుండిరి.