పేర్లు లేని చందా

చిరంజీవి అమ్మలుకి,

అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది. తాతయ్య మోకాళ్ళ నొప్పి ఎక్కడిదక్కడే ఉంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నారని డాబా మీది వడియాలు నన్నే తెమ్మంటున్నారు, అవి వేగేసరికి మాత్రం ఆయనే ముందు వచ్చి పీట మీద కూర్చుంటున్నారు.

ఫోన్లో చెప్పేదానికి ఉత్తరమెందుకు అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు ఊఁ, ఊఁ అంటూ ఇంకేదో చూస్తుంటావు. ఉత్తరమైతే చివర ఏముందో చూద్దామనైనా చదువుతావు.

మీ స్కూల్లో స్వపరిపాలన దినం ఫొటోలు మీ అమ్మ పంపింది. పట్టుచీర కట్టి, కళ్ళజోడు పెట్టి, హెడ్మిస్ట్రెస్ కుర్చీలో సంతకం పెడుతున్నావు. బాగున్నావు. నీ పక్కన ఖాకీ చొక్కాతో అటెండరు వేషంలో నిలబడ్డ కుర్రాడెవరు? ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, వాడు తప్ప.

నా సర్వీసంతా ఈ ముచ్చట చూస్తూనే ఉన్నాను. హెడ్మాస్టరు వేషానికి, ఎంఈవో వేషానికి, డీఈవో వేషానికి, కలెక్టరు వేషానికి పిల్లలు కొట్టుకుంటారు. గంట కొట్టడానికి ఒక్కడూ ముందుకు రాడు. చివరికి క్లాసులో నోరులేనివాడెవడో వాడికి అంటగడతారు. సాయంత్రం పాఠం బాగా చెప్పినవాళ్ళకి బహుమతులిచ్చేవాళ్ళం గానీ, నా కన్ను ఇంకోచోట ఉండేది. కుర్చీ దొరికిన పిల్ల ఆ గంట కొట్టేవాణ్ణి ఎలా పిలుస్తోందా అని చూసేదాన్ని. "ఒరేయ్, ఇటు రా" అంటోందా, పేరు పెట్టి పిలుస్తోందా? ఒక్కపూట పెత్తనంలోనే పిల్లల సంగతి సగం తెలిసిపోయేది.

నీ సంగతి నాకింకా తెలీదు. అందుకే ఇంత రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులు అయిపోయాక బడికి ఒక కళ వస్తుంది. జనవరి 26న జెండా, దాని వెనకే ఆటల పోటీలు, వార్షికోత్సవం, ఫిబ్రవరి 21న మాతృభాషా దినం, 28న సైన్సు డే, టెన్త్ వాళ్ళకి వీడ్కోలు. మార్చి సగంలో ఒంటిపూట బడులు మొదలైతే ఇక అందరికీ పరీక్షల జ్వరమే. ఈ రెండు నెలలూ బడి నడిపేది నిజానికి మీ తొమ్మిదో తరగతి. పై క్లాసు పుస్తకాల్లో తలదూర్చి ఉంటుంది, కింది క్లాసులు చిన్నవి. కుర్చీలు మొయ్యడం దగ్గర్నుంచి చందాలు దండడం దాకా అన్నీ మీ నెత్తి మీదే.

మా రోజుల్లో వీడ్కోలుని టీ పార్టీ అనేవాళ్ళం. అందులో టీ ఉండేది కాదు. ఒక అరటిపండు, మైసూరుపాకు ముక్క, గుప్పెడు కారప్పూస, అంతే. ముందురోజు రంగు కాగితాలు మూడు మూలలుగా కత్తిరించి, పురికొసకి అంటించి, స్తంభానికీ స్తంభానికీ కట్టేవాళ్ళం. జిగురు బజార్లో కొనేవాళ్ళం కాదు, మైదాపిండి ఉడకబెట్టేవాళ్ళం. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపాలి. కలపకముందే ఇద్దరు ముగ్గురు వేలు ముంచి ఆ పిండి నాకేసేవాళ్ళు. అది అల్లరి అనుకుని నవ్వేదాన్ని. పొద్దున తినకుండా బడికొచ్చినవాళ్ళని నేను టీచర్నయ్యాక గానీ గుర్తుపట్టలేదు.

ఇంకో సంగతి కూడా అప్పట్లో తట్టలేదు. మా డెల్టాలో ఫిబ్రవరి చేతిలో డబ్బాడని నెల. వడ్లమ్మిన డబ్బు కౌలుకీ, అప్పుకీ, పండక్కీ సరి. మినుము ఇంకా చేలోనే ఉంటుంది, అది చేతికొచ్చేసరికి మార్చి. ఆ మధ్యలో సరిగ్గా పడుతుంది టీ పార్టీ చందా. మీ టౌన్లో మినుము లేదు గానీ ఫిబ్రవరి అక్కడా అంతే. మూడో టర్మ్ ఫీజు కట్టమని స్కూలు వాళ్ళు ఫోన్లు చేసేది ఈ నెలలోనే కదా. "ప్రైవేటు స్కూల్లో అందరూ ఉన్నవాళ్ళేలే అమ్మా" అంది మీ అమ్మ. ఆ ఫీజు కట్టడానికి మెళ్ళో గొలుసు బ్యాంకులో పెట్టినవాళ్ళు మీ అమ్మకి కనపడకపోతే ఎవరికి కనపడతారు? బ్యాంకులో బంగారం తూచే కౌంటరు తనదేగా!

మన హాల్లో గోడ మీది గ్రూప్ ఫొటో నీకు తెలుసు. 1970, నేను పదో తరగతి. రెండో వరసలో రెండు జడలేసుకుని బిగుసుకుపోయి నిలబడ్డదాన్ని నేనే. చిన్నప్పుడు నువ్వు కుర్చీ వేసుకుని ఎక్కి "చీరాల తాతయ్య ఏడీ?" అని ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి వెతికేదానివి. మా తమ్ముడు నాకంటే ఒక క్లాసు కింద, అందుకే లేడని చెప్పి తప్పించేదాన్ని. నిజానికి కింది క్లాసువాళ్ళు కూడా ఆ ఫొటోలో ఉన్నారు, కింద చాప మీద కూర్చున్నది వాళ్ళే.

ఆ ఏడు తొమ్మిదో తరగతి తలకి రూపాయిన్నర వేసుకుంది. మమ్మల్ని ఇంటి దగ్గర చదువుకోమన్నారు కాబట్టి బళ్ళో ఏం జరుగుతోందో నాకు తెలీదు. పొద్దున ప్రార్థన అయ్యాక మానిటరు చందా ఇవ్వనివాళ్ళ పేర్లు చదివేవాడట. కొట్టలేదు, తిట్టలేదు. పేర్లు చదివేవాడు, అంతే. మొదటి రోజు చాలా పేర్లున్నాయి. రోజురోజుకీ తగ్గుతూ వచ్చాయి. చివరికి మా తమ్ముడి పేరొక్కటే మిగిలింది. ఒక్క పేరు చదవడానికి బడంతా ఎండలో నిలబడిందట.

రూపాయిన్నర మా ఇంట్లో లేక కాదు. పోపులపెట్టెలో ఉండేది. అది నాన్నమ్మ ఉబ్బసం మందుకని వాడికి తెలుసు. అడిగితే అమ్మ ఇచ్చేస్తుందనీ తెలుసు. అందుకే అడగలేదు. మర్నాడు బడికని బయల్దేరి, పుస్తకాల సంచీ బావి గట్టున పెట్టి, చీరాల వెళ్ళిపోయాడు. ఒక బట్టల కొట్లో గుమాస్తాగా కుదిరానని పదిరోజులకి కార్డు రాశాడు. నాన్న వెళ్ళి బతిమాలినా రాలేదు. మా టీ పార్టీ ఎప్పటిలాగే జరిగింది, ఫొటో తీశారు, నేను మైసూరుపాకు తిన్నాను. వాడు వెళ్ళిపోయింది చందా వల్లనని నాకు తెలిసింది ఆ తర్వాత.

మా ఇద్దర్లో లెక్కల బుర్ర వాడిది. గజాలూ, ధరలూ అన్నీ నోటితోనే కూడేసేవాడు. చదువుకున్నది నేను. నా ట్రైనింగుకి డబ్బు ఆ గుమాస్తా జీతంలోంచే నెలనెలా మనియార్డరుగా వచ్చేది. ఈ ఇల్లూ, మీ అమ్మ చదువూ, నీ చేతిలో ఉన్న ఫోనూ ఆ మనియార్డర్ల మీద లేచినవే. 2012లో నా రిటైర్మెంట్ సభకి చీరాల చీర ఒకటి మడత నలక్కుండా పట్టుకొచ్చాడు. లోపలికి రమ్మంటే సైకిల్ స్టాండు దగ్గరే ఆగిపోయాడు. "మైకులో పేర్లు పిలుస్తున్నారుగా అక్కా, అయ్యాక వస్తాలే" అన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మనవలున్నవాడు.

ఆ పేర్లు చదివిన మానిటరు చెడ్డవాడేం కాదు. చెప్పిన పని చేసే బుద్ధిమంతుడు. అదే నా భయం.

ఇప్పటి రోజుల గురించి నేనంటే నీకు కోపమొస్తుంది గానీ, అనకుండా ఉండలేను. యూకేజీ దాటిన పిల్లకి నల్లగౌను, టోపీ తొడిగి గ్రాడ్యుయేషన్ అంటారు. వార్షికోత్సవానికి కన్వెన్షన్ హాలు, డ్యాన్సు నేర్పడానికి మాస్టరు, డ్రెస్సులకి అద్దె. సైన్సు డేకి మోడళ్ళు షాపులో రెడీగా దొరుకుతున్నాయట. ఎవరి కోసం చేస్తున్నారు ఆ సైన్సు డే? 1928 ఫిబ్రవరి 28న తన ఆవిష్కరణని చాటిన రామన్ గారి కోసం. ఆయన చిన్నప్పుడు బళ్ళో చదివింది మన విశాఖపట్నంలోనే. కొనుక్కొచ్చిన అగ్నిపర్వతం చూస్తే ఏమనేవారో! ఇక వీడ్కోలుకి ఆడపిల్లలకి చీరలు, మగపిల్లలకి బ్లేజర్లు, డీజే, ఫొటో దిగడానికి పూల గోడ. మా మైదా జిగురు పోయింది. చందా వసూలు చేసే పద్ధతి మాత్రం పోలేదు, ప్రార్థనలోంచి ఫోన్లోకి మారింది.

అసలు సంగతికొస్తాను. మీ అమ్మ నాకో స్క్రీన్‌షాట్ పంపింది, "చూడమ్మా, నీ మనవరాలు రెండ్రోజుల్లో వీడ్కోలు చందా ఎలా వసూలు చేసిందో" అని మురిసిపోతూ. 42 పేర్లు. రూ.200 ఇచ్చినవాళ్ళ పక్కన పచ్చ టిక్కు, ఇవ్వని నలుగురి పక్కన ఎర్ర ఇంటూ. అది పేరెంట్స్ గ్రూపులో పెట్టావట. ఆ ఎర్ర గుర్తుల్లో ఒక పేరు నాకు తెలుసు. మీ సందు చివర ఇస్త్రీ బండి ఆయన కూతురు. సంక్రాంతికి నీ బొమ్మల కొలువు చూడ్డానికొచ్చింది. నేనిచ్చిన సున్నుండ పొడి రాలకుండా కింద అరచెయ్యి పట్టి తిన్న పిల్ల. ఆ గ్రూపులో వాళ్ళ నాన్న కూడా ఉంటాడు కదమ్మా. రోజూ ఆయన ఇస్త్రీ చేసిచ్చే చొక్కాల వాళ్ళంతా ఆ గ్రూపులోనే ఉంటారు.

"లెక్క పారదర్శకంగా ఉండాలి కదా" అంటావు. ఉండాలి. వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, అది అందరికీ చెప్పు. ఎవరి దగ్గర లేదో చెప్పక్కర్లేదు. "చట్టాలు చెప్పకు అమ్మమ్మా" అనకు గానీ, 2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది వచ్చినప్పుడు మా టీచర్లంతా బెత్తం పోయిందని గోల పెట్టారు గానీ, రెండో సగం ఎవరూ చదవలేదు. ఎవరని అడక్కుండా పెట్టే పద్ధతి కూడా బళ్ళో ఉంది. 2003లో మా బడిలో మధ్యాహ్నం వండి పెట్టడం మొదలైంది. ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆవిడ వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా నువ్వెవరని అడక్కుండా అన్నం పెట్టిన మనిషి. బళ్ళో విస్తరి అలా ఉండాలి.

"అలాగైతే ఎగ్గొట్టేవాళ్ళుంటారు" అంటావు. ఉంటారు. ఎగ్గొట్టినవాడికి దక్కేది ఒక లడ్డు. పేరు చదివించుకున్నవాడికి పోయేది బడి. ఏది ఎక్కువ నష్టమో లెక్క నువ్వే వేసుకో.

ఇక చెయ్యాల్సింది చెప్తాను, వరసగా విను.

ఈ ఉత్తరం చదవగానే ఆ లిస్టు గ్రూపులోంచి తీసెయ్. గడువు దాటి నీకు పోకపోతే అడ్మిన్ని అడుగు, వాళ్ళు తీసేయగలరు. "పొరపాటున పెట్టాను, సారీ" అని గ్రూపులో మళ్ళీ పోస్టు పెట్టకు. చూడనివాళ్ళు కూడా అదేంటా అని అడుగుతారు.

ఆ నలుగురి దగ్గరికీ వెళ్ళి "మీరు ఇవ్వక్కర్లేదు" అనకు. అది ఇంకో ఎర్ర గుర్తు. ఇస్త్రీ బండి వాళ్ళమ్మాయి దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని నువ్వే చెప్పావు. వేదిక మీద బోర్డు రాయమని అడుగు. జాలితో కాదు, నీ కోడిగీతలకంటే నయం కనక.

రూ.200 లెక్క మీ టీచరుతో చెప్పి రద్దు చేయించు. ఇచ్చినవాళ్ళకి తిరిగిచ్చేయండి. అందరికీ ఒకేరకం కవరు ఇవ్వండి, పేరు రాయకూడదు. ఇంట్లో వీలున్నంత పెట్టి, వీలు లేకపోతే ఖాళీగా అంటించి, టీచరు బల్ల మీది డబ్బాలో వెయ్యాలి. అందరూ వెయ్యాలి, నువ్వు కూడా. డబ్బా విప్పాక ఎంతొచ్చిందో చూసి, అప్పుడు మెనూ అనుకోండి. మీరు మెనూ ముందు రాసుకుని తర్వాత జనం మీద పడుతున్నారు.

మీరూ పై క్లాసూ కలిపి 80 మంది. 8 కిలోల బియ్యం పులిహోర చాలు. తలా ఒక లడ్డు, కాస్త మిక్చరు, టెన్త్ వాళ్ళకి ఒక్కొక్క పెన్ను. మీరనుకున్న రూ.8,400లో సగం కూడా అవ్వదు. పూల గోడ, డీజే తీసెయ్యండి. చీర కట్టాలన్న రూలు కూడా తీసెయ్, యూనిఫాంలో రమ్మను. గ్రూప్ ఫొటో ఖర్చు ఆ మొత్తంలోంచే పెట్టాలి. ఫొటోకి విడిగా డబ్బు అడిగావంటే నేను బస్సెక్కి వస్తాను.

మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించు. తనని తిట్టానని దాచకు, తిట్టాల్సిన మాటలు ఇంకా చాలా ఉన్నాయి, విడిగా ఫోన్ చేస్తాను.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి లిస్టు తీశావో లేదో చెప్పు. పులిహోరకి చింతపండు ముందురోజే నానబెట్టమను, పోపులో ఇంగువ మర్చిపోవద్దను.

ఆశీస్సులతో,
అమ్మమ్మ