అడుగక తీసిన చిత్రము

నగరము పుట్టుటకు ముందే, 1578లో, పురానాపూలు వంతెన మూసీనది దరులను గలిపినది. దరులు కలిసినంత మాత్రమున మనుజులు కలియుదురా? పాతబస్తీవారిని కొత్త నగరమువారు నేటికిని సరిగ నెఱుగరు. 2008లో శంషాబాదున వెలసిన విమానాశ్రయమున దిగినవాడు, 2009లో తెఱవబడిన పి.వి. నరసింహారావు పేరి వంతెనదారిపై 11 కిలోమీటర్లకు మించి సాగి, క్రింది వీథులను జూడకయే నగరమున బ్రవేశింపగలడు. కావున వీథిలో నిలిచి సామాన్యుల బ్రతుకును నలుపు తెలుపులలో జూపువాడు మేలు చేయువాడే.

కాని యొక సందేహము. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున రాజా దీనదయాళు (1844-1905) తీసిన చిత్రములలో ప్రభువులు తమకు దోచిన రీతిని నిలిచిరి. కూలివానికి ఆ స్వాతంత్ర్యము వలదా?

మొన్న శంషాబాదు బజారులో కూరలమ్ము నొక ముసలమ్మను అడుగకయే చిత్రించితిని. ముడుతలపై వెలుగునీడలు రమ్యముగ నుండెను. ఆమె చూచి, "ముందే అడిగితే కొంగు సదురుకుంటుంటి గద సారూ!" అనెను. నేను సిగ్గుపడితిని.

అడిగినచో సహజత్వము పోవునందురు. నిజమే. అయినను తీసిన పిదపనైన నడుగవచ్చును, వలదన్నచో జెరిపివేయవచ్చును. బలవంతుని దౌర్జన్యమును బయలుపెట్టు చిత్రమునకు వాని యనుమతి యక్కఱలేదు. నిరపరాధియైన పేదరాలి ముఖము మాత్రము మన కళకు ముడిసరకు గాదు.

మొదటి చిత్రమును జెరిపివేసి, కొంగు సవరించుకొన్న పిదప వేఱొకటి తీసితిని. కళలో నది మొదటిదానికి దీసికట్టే. ఆమె యనుమతితో నా విద్యార్థులకు దానినే చూపుచున్నాను.