ఒక్క ఆకు సాక్ష్యం చెల్లుతుందా?

నాపరాయి బండల మీద ఒక్కోసారి నల్లటి చెట్టు బొమ్మ కనిపిస్తది. చూసినోళ్లు "ఎప్పటిదో ఆకు, రాయిలో ఇరికింది" అంటరు. కాదు. రాతి పగుల్లోకి నీళ్లతో దిగిన మాంగనీసు కొమ్మలుగా పేరుకున్న మరక అది. తాండూరు సున్నపురాయి సముద్రం అడుగున ఏర్పడేనాటికి భూమ్మీద చెట్టన్నదే లేదు.

అసలు ఆనవాళ్లకు వికారాబాద్ జిల్లాలోనే పరిగి దగ్గరి నస్కల్ వైపు చూడాలె. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద, మన నేల ఇంకా భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నప్పుడు, దక్కన్‌లో లావా పొరలు పొరలుగా పారింది. ఒక పొరకూ ఇంకో పొరకూ నడుమ నీళ్లు నిలిచిన చోట బురద పేరుకొని రాయయింది. నస్కల్ రాతిలో దొరికిన చిన్న పళ్లను బట్టి డెక్కనోలెస్టెస్ అనే చిట్టెలుకంత జంతువును 1988లో గుర్తించిన్రు. దక్కన్‌లో ఇట్లాంటి పొరల్లోనే పుప్పొడి, కట్టె, కాయలు, ఆకులు రాయిగా మారి దొరుకుతయి.

ఆకును చూసి వాతావరణం ఎట్ల చెప్తరు? 1915లో బెయిలీ, సిన్నట్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పటి అడవులను పోల్చి చూసిన్రు. వేడి ప్రాంతాల్లో మర్రి లెక్క అంచు నున్నగా ఉన్న ఆకుల చెట్లు ఎక్కువ, చలి ప్రాంతాల్లో రంపపు పళ్ల అంచు ఎక్కువ. ఆకు కొస తోకలాగ సాగితే వాన నీళ్లు తొందరగా జారిపోతయి. వానలు బాగా పడే అడవుల్లో అట్లాంటివి ఎక్కువ.

మరి వేపాకు అంచు రంపమే గదా, చలిదేశపు చెట్టా? మన బోధి చెట్టు, రావి, ఆకుకు ఎంత పొడుగు తోక! అది కంది పండే ఎండు నేలలో కూడా హాయిగా నిలబడ్డది. అందుకే ఒక్క ఆకుతో తీర్పు చెప్పరు. కనీసం ఇరవై జాతుల ఆకులు కావాలె. అప్పుడైనా లెక్క అటూ ఇటూ అయితదని ముందే చెప్తరు. నాకు నచ్చింది ఈ పద్ధతే.

కొందరు మనోళ్లు సభల్లో "అంతా మారుతదని బుద్ధుడు ఎప్పుడో చెప్పిండు, సైన్సు ఇప్పుడు ఒప్పుకుంటుంది" అంటరు. పుష్పక విమానం చూపి గొప్పలు చెప్పేటోళ్లను చూసి నవ్వే మనం ఈ మాటకు చప్పట్లు ఎట్ల కొడతం? బుద్ధుడు అనిత్యం చెప్పింది దుఃఖం తీరడానికి, పాతకాలపు వానల లెక్క కోసం కాదు. ఆనవాయితీ అనో, గ్రంథంలో ఉన్నదనో, మా గురువు చెప్పిండనో ఒప్పుకోవద్దని కాలాములకు చెప్పినప్పుడు అందులో మన గురువు కూడా ఉన్నడు.

కులం అనాది అనేటోళ్లకు కూడా ఈ రాయి జవాబు కాదు. కొండలు మారినయి కాబట్టి కులం అబద్ధమంటే వాదన నిలవదు. అంబేద్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో కులం పుట్టుకను వెతికింది పెళ్లి కట్టుబాట్లలో: కులం లోపలే పెళ్లి, సతి, విధవకు మళ్లీ పెళ్లి లేకుండ చేయడం, పసిపిల్లల పెళ్లిళ్లు.