వాణ్ణి కిందికి దించు తల్లీ

నిన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాట రాత్రంతా నాకు నిద్ర పట్టనివ్వలేదమ్మా. ఏడేళ్ళ కొడుకుని బాత్రూముకి కూడా ఎత్తుకునే తీసుకెళ్తున్నానన్నావు. కీమో మొదలైన దగ్గర్నుంచి వాడి కాలు కింద పెట్టనివ్వడం లేదన్నావు. నీ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ నీకు పెద్దమ్మను, పైగా పిల్లల క్యాన్సర్ వార్డులో ఏళ్ళ తరబడి ఫిజియోథెరపీ చేయించినదాన్ని. చెప్పకుండా ఉండలేను. వాణ్ణి కిందికి దించు.

పిల్లాడికి జ్వరమొస్తే దుప్పటి కప్పి పడుకోబెట్టడం మన ఇళ్ళలో అలవాటు. జ్వరం నాలుగు రోజులుండి పోతుంది. వాడికొచ్చిన లుకేమియాకు వైద్యం రెండేళ్ళకు పైనే సాగుతుంది. ఆ రెండేళ్ళూ ఎదిగే వయసులోవే. అన్నాళ్ళు మంచం మీద ఉంటే కండ కరుగుతుంది, ఆయాసం పెరుగుతుంది, నీరసానికి నీరసం తోడవుతుంది. కీమో వల్ల వచ్చే అలసట నిద్రపోతే తీరేది కాదు. రోజూ కాసేపు కదిలిన పిల్లలకే అది కొంత తేలికపడుతుంది. 2021లో పలు దేశాల నిపుణులు కలిసి క్యాన్సర్ ఉన్న పిల్లల వ్యాయామం మీద మార్గదర్శకాలు వెలువరించారు. వాళ్ళు చెప్పిందీ ఇదే: ఓపికను బట్టి, పరిస్థితిని బట్టి ప్రతి బిడ్డా కదలాలి.

వాడికి ఎక్కిస్తున్న మందుల సంగతి నీకు తెలియాలి. విన్‌క్రిస్టిన్ రోగం మీద బాగా పనిచేస్తుంది కానీ నరాలను బలహీనపరుస్తుంది, ముఖ్యంగా పాదాల్లో. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పాదం ముందు భాగం పైకి లేవదు. హవాయి చెప్పు కాల్లోంచి జారిపోతున్నా వాడికి తెలియకపోతే, నడిచేటప్పుడు పాదం నేలకు టపటప కొట్టుకుంటుంటే, మునివేళ్ళ మీద నడుస్తుంటే అది అల్లరి అనుకోకు. వెంటనే డాక్టరుగారికి చెప్పు. పిక్క కండ ఒకసారి బిగిసిపోయి పొట్టిదైతే మళ్ళీ సాగదీయడం చాలా కష్టం. అందుకే పొద్దున, సాయంత్రం వాణ్ణి కాళ్ళు చాపి కూర్చోబెట్టి, మోకాలు వంచకుండా, పాదాన్ని మెల్లగా వాడి వైపుకి వంచి కాసేపు పట్టుకో. నొప్పి పుట్టేలా మాత్రం లాగొద్దు.

స్టెరాయిడ్ దారి వేరు. బుగ్గలు ఉబ్బి పిల్లాడు బొద్దుగా కనిపిస్తాడు, లోపల తొడ కండలు సన్నబడుతుంటాయి. పీట మీంచి నేలకు చెయ్యి ఆనించకుండా లేవగలడేమో చూడు. లేవలేకపోతే కాస్త ఎత్తు కుర్చీతో మొదలుపెట్టు. కూర్చోవడం, లేవడం, అంతే. ఐదుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచు. స్టెరాయిడ్ ఎముకలను కూడా పలచన చేస్తుంది. బరువు మోస్తేనే ఎముక గట్టిపడుతుంది. నువ్వు చంకనెత్తుకున్నంతసేపూ వాడి ఎముకలకు ఆ పని దక్కదు. అయితే తుంటిలోనో మోకాల్లోనో కొత్తగా నొప్పి వచ్చి కుంటుతుంటే ఆటలు ఆపించి డాక్టరుగారికి చూపించు. ఈ మందుల వల్ల అరుదుగా ఎముకకు రక్తం అందకుండా పోవచ్చు. పదేళ్ళు దాటిన పిల్లల్లో అది ఎక్కువ.

మరి ఎప్పుడు ఆపాలంటావా? జ్వరం 100.4 దాటితే వ్యాయామం మాటే వద్దు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తు. ప్లేట్‌లెట్లు 50 వేల కంటే తగ్గితే గెంతులు, సైకిలు, తోపులాటలు మానిపించు. 20 వేల లోపైతే ఇంట్లో మెల్లగా నడవడం, మంచం మీద చెమ్మచెక్క ఆడుకోవడం చాలు. ఒక్కో ఆసుపత్రి లెక్క ఒక్కోలా ఉంటుంది కనుక మీ డాక్టరుగారు గీసిన గీతే నీకు ప్రమాణం. హిమోగ్లోబిన్ బాగా తగ్గి మెట్లెక్కితేనే గుండె దడదడలాడుతుంటే రక్తం ఎక్కించేదాకా నెమ్మది. గుండెమీద ప్రభావం చూపే మందులు కూడా వీళ్ళకు ఇస్తారు, అందుకే మధ్య మధ్య ఎకో తీస్తారు. ఆ రిపోర్టు చూపించి, ఎంతవరకు పరుగెత్తవచ్చో అడుగు. చేతికో ఛాతీకో లైను పెట్టి ఉంటే ఈత వద్దు, ఆ వైపు దెబ్బ తగిలే ఆటా వద్దు. రక్తకణాల కౌంట్లు పడిపోయిన రోజుల్లో జనం ఉండే పార్కుకి కాకుండా పొద్దున్నే మేడ మీదికి తీసుకెళ్ళు. కాలికి స్పర్శ తగ్గి ఉంటుంది, ఒట్టికాళ్ళతో వదలకు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో వెయ్యి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు రోజుకి గంటసేపు చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గంట కోసం వీణ్ణి తరమకు. ఐదు నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చాలు. కీమో ఎక్కిన మర్నాడు వాంతులతో వేలాడుతుంటే పడుకోనీ. ఆ మర్నాడు కిటికీ దాకా నడిపించు. ఆసుపత్రిలో చేరినప్పుడు సెలైన్ స్టాండు నువ్వు తోస్తూ వరండాలో ఒక చుట్టు తిప్పు. వాడిచేత వ్యాయామం చేయిస్తున్నట్టు మాత్రం ఉండకూడదు. బుడగ ఊది కింద పడకుండా కొట్టమను, చెల్లెల్ని తోడివ్వు. కౌంట్లు బాగున్న వారం తొక్కుడుబిళ్ళ ఆడనీ. ఒంటికాలి మీద నిలబడటం వాడి చీలమండలకు నేను చేయించే ఏ కసరత్తుకీ తీసిపోదు. వార్డులో నాకు కనిపించిందొకటి చెప్తాను. ఆట మొదలైన కాసేపటికి సూది సంగతి మరిచిపోయి నవ్వే పిల్లలు తిండి కూడా కాస్త ఎక్కువ తింటారు.

మీ అత్తగారు భయపడతారని తెలుసు. ఆవిడతో నేను మాట్లాడతాను. పెద్దావిడ, వివరంగా చెబితే అర్థం చేసుకుంటారు. నువ్వు మాత్రం ఈసారి డే కేర్‌కి వెళ్ళినప్పుడు వాడి నడక చూపించి, ఫిజియోథెరపీకి రాసిమ్మని డాక్టరుగారిని నోరు తెరిచి అడుగు. చాలాచోట్ల అమ్మానాన్నలు అడిగితేనే రాస్తారు.