కలానికి రెండు త్రాసులు ఉండకూడదు

ఫలానా పుస్తకాన్ని నిషేధించాలా, వద్దా అనే వివాదం మన సమాజంలో తరచూ తలెత్తుతూనే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివే మన పిల్లలు కూడా ఇలాంటి అంశాల మీద వ్యాసాలు రాసి సాధన చేస్తుంటారు. ఎలా రాస్తే చదివేవారు ఒప్పుకుంటారో అక్కడ నేర్చుకుంటారు. మంచిదే. కాని దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఒప్పించడానికి మనం ఎంచుకున్న మార్గం ధర్మమైనదేనా?

సాధారణంగా ఈ రాతల్లో కొన్ని ఎత్తుగడలు కనిపిస్తాయి. పుస్తకం చదవకుండానే అందులోని ఒక్క వాక్యాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం ఒకటి. చెప్పిన విషయాన్ని వదిలేసి, చెప్పిన మనిషి పుట్టుకనూ నడవడికనూ ఎత్తిపొడవడం ఇంకొకటి. ఇక పెద్ద మాటలతో నోరు మూయించడం మరొకటి. నిషేధం కోరేవారు ‘మనోభావాలు’ అంటారు, వద్దనేవారు ‘స్వేచ్ఛ’ అంటారు. ఆ మాట వినగానే పాఠకుని ఆలోచన ఆగిపోతుంది. ఎవరైనా ఒక వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని దివ్య ఖుర్‌ఆన్ (49:6) మనకు బోధించింది. పుస్తకం గురించి తెచ్చిన వార్తకు మాత్రం ఈ నియమం వర్తించదా?

నాగరత్నమ్మ అడిగిన ప్రశ్న

మన తెలుగునాట జరిగిన ఉదాహరణ ఒకటి చూద్దాం. ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన ‘రాధికా సాంత్వనము’ కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రచురించారు. కందుకూరి వీరేశలింగం అంతకుముందే ఆ కావ్యాన్ని తీవ్రంగా విమర్శించారు. కావ్యంలోని శృంగారంతోనే ఆగక, దాన్ని రాసినది వేశ్య అని కూడా నిందించారు. నాగరత్నమ్మ ప్రచురణను ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు.

ఆ కావ్యం మన ఇళ్లలో చదవదగినదని మేము అనడం లేదు. కాని నాగరత్నమ్మ వాదన న్యాయమైనది. మర్యాద స్త్రీలకేనా, పురుషులకు అక్కరలేదా? మగ కవులు అంతకంటే పచ్చిగా రాస్తే ఎందుకు ఊరుకున్నారు? ఇదీ ఆమె అడిగినది. తాము పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించే వారిని దివ్య ఖుర్‌ఆన్ (83:1-3) హెచ్చరించింది. ఆ హెచ్చరిక బియ్యం కొలిచే దుకాణదారునికే కాదు, మాటలు కొలిచే రచయితకూ వర్తిస్తుంది.

మన సంగతేమిటి?

ఇదే త్రాసులో మనల్ని మనం తూచుకోవాలి. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ జరుగుతుండగా కొందరు ఆమెపై దాడి చేశారు. ఆమె రాతలు ముస్లిముల మనసులను నొప్పించాయన్నది నిజమే. అయితే ఆ దాడి ఆమె రాసిన ఒక్క మాటకైనా జవాబు చెప్పిందా? జవాబు లేనివారే చెయ్యెత్తుతారని లోకం అనుకోవడానికే అది పనికొచ్చింది. అలాగే మన మనసు నొచ్చినప్పుడు నిషేధం కోరి, పక్కవారి మనసు నొచ్చినప్పుడు స్వేచ్ఛ గురించి పాఠాలు చెప్పడం కూడా తప్పు తూకమే. ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మనల్ని న్యాయం నుండి తప్పించకూడదన్న ఆదేశం (5:8) ఇలాంటి సందర్భాల కోసమే.

మరి నొచ్చినవాడు నోరు మూసుకుని ఉండాలా? అవసరం లేదు. దారి మన పెద్దలే చూపారు. ఇమామ్ గజాలీ (రహ్మ) తత్త్వవేత్తల సిద్ధాంతాలను ఖండిస్తూ ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ రాశారు. వారి సిద్ధాంతాలను ఉన్నవి ఉన్నట్లు వివరించడానికే ‘మఖాసిదుల్ ఫలాసిఫా’ అనే మరో గ్రంథం రాశారు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్లింది. ముందుమాట లేని ప్రతులు చదివిన ఐరోపా పండితులు ఆయన్ని కూడా ఆ తత్త్వవేత్తల్లో ఒకరనే అనుకున్నారు! ప్రత్యర్థి మాటను అంత నిజాయితీగా చెప్పిన తర్వాతే ఖండనకు బలం వస్తుంది.

కాబట్టి ఒక పుస్తకం మీద కలం ఎత్తే ముందు దాన్ని పూర్తిగా చదవండి. దాని రచయిత విన్నా “అవును, నేను చెప్పింది ఇదే” అని ఒప్పుకునేలా ఆ వాదాన్ని ముందు రాయండి. తర్వాత దానిలోని తప్పును ఎత్తిచూపండి. నిషేధమే కోరదలిస్తే, రేపు అదే నియమం మీకు ప్రియమైన పుస్తకానికి వర్తింపజేసినా సమ్మతమేనా అని మనసును అడగండి. కలం మన చేతిలోని అమానత్. రాసిన ప్రతి అక్షరానికీ లెక్క చెప్పవలసి ఉంటుంది. అల్లాహ్ మనందరికీ న్యాయంగా రాసే, న్యాయంగా చదివే సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.